చిన్న చేతి బ్యాటు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఏది కొనాలన్నా తెలుగువాడికి వెనక ఒక శాస్త్రం ఉండాలి. ఇంటికి వాస్తు ఉంది, బంగారానికి తిథి ఉంది, వంకాయకు ముచ్చిక ఉంది. తొమ్మిదేళ్ల కూతురు వచ్చి "నాన్నా, నాకు ప్యాడెల్ బ్యాట్ కావాలి" అన్ననాడు మాత్రం ఆ తండ్రికి ఏ శాస్త్రమూ అక్కరకు రాదు. దుకాణంలో గోడనిండా బ్యాట్లు వేలాడుతుంటాయి. ఒక్కదానికీ తీగలుండవు, అన్నిటికీ చిల్లులుంటాయి. పక్కపక్కనే ఉన్న రెండింటిలో ఒకదాని ధర రెండోదానికి అయిదు రెట్లుంటుంది. ఎందుకని అడిగితే దుకాణదారు "కార్బన్ సార్" అని ఊరుకుంటాడు.

ఈ కష్టం చూడలేక అజ్ఞాత కవి ఒకడు ఒక చాటువు చెప్పాడు. ఆట సంగతి గనక ఆటవెలదే ఎంచుకున్నాడు. కవి ఊరూ పేరూ తెలియవు గాని కాలం తేల్చడం తేలిక. ఎన్రీకే కొర్కుయేరా మెక్సికోలోని అకపుల్కోలో, తన ఇంటి ఆవరణలో గోడల నడుమ ఈ ఆటకు రూపం ఇచ్చింది 1969లో. అల్ఫోన్సో హోహెన్‌లోహె దాన్ని స్పెయిన్‌లోని మార్బెల్లాకు తెచ్చింది 1974లో. అర్జెంటీనాకూ ఆ దశకంలోనే చేరింది. అంతర్జాతీయ సమాఖ్య 1991లో ఏర్పడింది. కాబట్టి కవి నన్నయకు సమకాలికుడు కాడు. దుబాయ్‌లో తెలుగు పిల్లలు ఈ ఆట నేర్చి, పడమటి హైదరాబాద్‌లో అద్దాల కోర్టులు వెలిశాక, ఏదో ఒక దుకాణం మెట్ల మీద కూర్చుని చెప్పి ఉంటాడని మా ఊహ.

పద్యం

చిన్న చేతి కొరకు చేకొను బ్యాటుకు
గుండ్ర మోము, మెత్త గుండె వలయు;
తలకు బరువు వలదు, తాడు చేతికిఁ గట్టు;
పేరుకన్న ముందు పిల్లఁ జూడు.

ప్రతిపదార్థం

చిన్న చేతి కొరకు = ఎదుగుచున్న పిల్ల చేతి నిమిత్తము; చేకొను = (తండ్రి నిట్టూర్చి) కొనునట్టి; బ్యాటుకు = ప్యాడెల్ రాకెట్టునకు; గుండ్ర మోము = వృత్తాకారమైన ముఖమును; మెత్త గుండె = లోపల మెత్తని ఫోమును; వలయు = ఉండవలెను; తలకు = బ్యాటు పైభాగమునకు; బరువు వలదు = భారము కూడదు; తాడు = పిడి చివరనుండు పట్టీని; చేతికిఁ గట్టు = మణికట్టునకు తగిలింపుము; పేరుకన్న ముందు = బ్యాటు మీది పేరు చదువుటకు పూర్వమే; పిల్లఁ జూడు = ఆడబోవు పిల్లను పరికింపుము.

తాత్పర్యం

పిల్లలకు కొనే ప్యాడెల్ బ్యాటు గుండ్రంగా, లోపల మెత్తగా, తేలికగా ఉండాలి. ఆ ఉన్న కాస్త బరువూ తల వైపు కాక పిడి వైపు ఉండాలి. తాడు తప్పక కట్టుకోవాలి. ఛాంపియన్ల పేర్లూ కంపెనీల పేర్లూ చదివే ముందు, ఆడబోయే పిల్ల చెయ్యి ఎంతటిదో చూసుకోవాలని భావం.

ఛందోవిశేషం

మొదటి పాదంలో "బ్యా" ముందున్న "ను" గురువా, లఘువా అని ఛాందసులు తగువు పెడతారు. గురువు చేస్తే రగణం, లఘువుగా ఉంచితే భగణం. రెండూ ఇంద్రగణాలే గనక పద్యానికి నష్టం లేదు. అయినా బరువు తగ్గించమని చెప్పే పద్యంలో లఘువుకే మా ఓటు. చిన్నపిల్ల బ్యాటు దగ్గర గురువుకు చోటు లేదని ధ్వని. కోచ్‌గారు దీన్ని తమ మీదికి తీసుకోకూడదు.

విశేషాలు

"చిన్న చేతి కొరకు": ఇక్కడ మూడు మతాలున్నాయి. మొదటిది జనక మతం. "ఎదిగే పిల్ల. కాస్త పెద్దదే ఇవ్వండి, రెండేళ్లు వస్తుంది" అన్నది వారి సూత్రం. జూన్ నెలలో రెండు సైజులు పెద్ద యూనిఫాం కొని చేతులు మడిచి తొడిగే సంప్రదాయం నుంచి పుట్టింది ఇది. చొక్కా చేతులు మడవచ్చు, బ్యాటు బరువును మడవలేం. రెండోది విక్రేత మతం. "ఇది అందరూ తీసుకెళ్తున్నారు సార్" అన్నది వారి ఏకైక ప్రమాణం. మూడోది శిక్షక మతం. పిల్లను చూడందే వారు నోరు విప్పరు. కవి మూడోవారి పక్షం.

అంకెల్లో చెబితే, పెద్దలు ఆడే బ్యాట్లు సాధారణంగా 350 నుంచి 375 గ్రాముల మధ్య ఉంటాయి. జూనియర్ పేరుతో అమ్మేవి చాలావరకు 300 నుంచి 340 గ్రాముల మధ్య వస్తాయి, మరీ చిన్నవాళ్లకు ఇంకా తక్కువవీ దొరుకుతాయి. ఆరేడేళ్ల పిల్లలకు 300 లోపు, ఎనిమిది నుంచి పదేళ్ల వాళ్లకు 300 నుంచి 330 లోపు చూసుకోవడం క్షేమం. పన్నెండు దాటి ఒళ్లు పట్టిన పిల్లలు 340 పైకి వెళ్లవచ్చు. ఇవి సుమారు లెక్కలు. వయసుకన్నా ఒడ్డూ పొడుగూ ప్రధానం.

పూర్వపక్షం: "పెద్దలదానికీ పిల్లలదానికీ తేడా అంతా కలిపి యాభై గ్రాములు. బంతే 56 గ్రాములకు తక్కువ ఉండదు. ఒక బంతి బరువు కూడా లేని తేడాకు ఇంత రాద్ధాంతమా?"

సమాధానం: బ్యాటును సంచీలో మోయడం వేరు, చేయి చాచి విసరడం వేరు. విసిరే బ్యాటు బరువు మణికట్టుకు దూరంగా ఉంటుంది. దూరం పెరిగినకొద్దీ ఆ కీలు మీద లాగుడు పెరుగుతుంది. ఒక గంట ఆటలో ఆ విసురు వందలసార్లు జరుగుతుంది. "బరువుగా ఉంది" అని పిల్ల చెప్పదు, చెబితే బ్యాటు వెనక్కి తీసుకుంటారని భయం. చూడవలసింది వేరే ఉంది. మొదటి పావుగంటలో ఛాతీ ఎత్తున నిలిచిన బ్యాటు కొన మెల్లగా మోకాళ్ల వైపు దిగుతుంది. ఎడమ చెయ్యి వద్దన్నా వచ్చి పిడిని పట్టుకుంటుంది. చివరి పావుగంటలో బంతి దాటిపోయాక బ్యాటు వస్తుంది. అప్పుడా ఆలస్యం కప్పిపుచ్చుకోవడానికి పిల్ల మోచేతిని ఝాడించి కొడుతుంది. ఆ అలవాటు బ్యాటు మార్చినా ఓ పట్టాన వదలదు.

"గుండ్ర మోము": బ్యాట్లకు మూడు ముఖాలు. గుండ్రనిది, నీటిబొట్టు ఆకారానిది, వజ్రాకారానిది. వజ్రం అనగానే కొనేవాడి చెయ్యి అటు వెళ్తుంది. దుకాణంలో దాన్నే కళ్లకెదురుగా తగిలిస్తారు కూడా. కాని బంతి సరిగ్గా పలికే చోటు ఒకటి ప్రతి బ్యాటులోనూ ఉంటుంది, దాన్ని ఆటగాళ్లు స్వీట్ స్పాట్ అంటారు. గుండ్రని బ్యాటులో అది నట్టనడుమ, విశాలంగా ఉంటుంది. వజ్రాకారంలో పైకి జరిగి చిన్నదైపోతుంది. నేర్చుకునే పిల్ల కొట్టే బంతి ఒకసారి నడిమికి, ఒకసారి అంచుకు, ఒకసారి పిడి దగ్గరికి తగులుతుంది. అలాంటి చేతికి తప్పును మన్నించే ముఖం కావాలి.

పూర్వపక్షం: "గుండ్రని బ్యాటుకు దెబ్బలో జోరు తక్కువ కదా?" నిజమే. కాని ఈ ఆటలో జోరుకు పని ఎంత? కోర్టు 20 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. చుట్టూ అద్దాలు, జాలీ. సర్వీసు తలపై నుంచి వెయ్యకూడదు, బంతిని నేలమీద ఒకసారి పడేసి నడుము ఎత్తుకు మించకుండా కొట్టాలి. ఇక ఆట మధ్యలో ఒళ్లు విరుచుకుని బాదిన బంతి ఏమవుతుంది? వెనక అద్దానికి కొట్టుకుని, మళ్లీ అవతలివాళ్ల ముందుకే వచ్చి, తీరిగ్గా కొట్టుకొమ్మని నిలుస్తుంది. మీదినుంచి ఎత్తి వేసిన నిదానపు బంతి మాత్రం మూల అద్దంలో చచ్చిపడుతుంది. జోరు ఎదిగాక వచ్చే విద్య. పిల్ల ముందు నేర్చుకోవలసింది బంతిని అనుకున్న చోట వెయ్యడం, అద్దం నుంచి వచ్చేదాకా ఆగడం. గుండ్ర మోము ఆ ఓపికను నేర్పుతుంది.

"మెత్త గుండె": ఇక్కడ "గట్టి గుండె" అని పాఠాంతరం ఉంది. విక్రేత మతస్థులు ఆ పాఠమే పఠిస్తారు. "గట్టి"కీ "మెత్త"కీ గణం ఒకటే, యతీ చెడదు. ఛందస్సు తేల్చలేని చోట మోచెయ్యి తేల్చాలి. ప్యాడెల్ బ్యాటు లోపల ఉండేది ఫోమ్. ఎక్కువ బ్యాట్లలో ఈవీఏ అనే రకం, దానిలో మెత్తనివీ గట్టివీ ఉన్నాయి. దానికి రెండు వైపులా ఫైబర్ గ్లాసు రేకో, కార్బన్ రేకో తొడుగుతారు. మెత్తని ఫోమ్, ఫైబర్ గ్లాసు కలిస్తే, చెయ్యి నెమ్మదిగా కదిలినా బంతి దానంతట అది ఎగిరి వెళ్తుంది, దెబ్బ అదురు మోచేతిదాకా రాదు. గట్టి ఫోమ్, కార్బన్ కలిస్తే చెయ్యి వేగంగా విసిరితేనే బంతి పలుకుతుంది. విసరలేని చేతికి అది బండరాయి.

కార్బన్ బ్యాట్ల మీద 3కె, 12కె, 18కె అని అచ్చు వేసి ఉంటుంది. అది మార్కుల పట్టీ కాదు. ఒక్కో కట్టలో ఎన్ని వేల సన్నని కార్బన్ పోగులున్నాయో చెప్పే లెక్క. పద్దెనిమిది వేల పోగులున్నంత మాత్రాన పిల్లకు పద్దెనిమిది వేల పాయింట్లు రావు.

స్పెయిన్‌వాళ్లు పిడికీ తలకీ నడుమ ఉండే ఖాళీ భాగాన్ని గుండె అంటారు గనక కవి ఉద్దేశం అదేనని ఒక ఆధునిక వ్యాఖ్యాత వాదన. ఆ భాగం మెత్తగా ఉంటే బ్యాటు విరుగుతుంది. కనుక ఆ వాదన నిలవదు. బంతి కోసం కాచుకున్నప్పుడు ఎడమ చేతి వేళ్లు ఆనవలసిన చోటు అదే అన్నమాట మాత్రం నిజం.

మెత్త గుండెకు ఎండ పడదు. వేడికి ఫోమ్ ఇంకా మెత్తబడుతుంది, పదేపదే కాగితే బ్యాటు త్వరగా పాడవుతుంది. హైదరాబాద్ మే నెలలోనైనా, దుబాయ్ ఆగస్టులోనైనా బ్యాటును కారు డిక్కీలో వదలకూడదని ఈ పదానికి శేషం.

"తలకు బరువు వలదు": వేదాంత వ్యాఖ్యాతలు దీన్ని గర్వనిషేధంగా చెప్పారు. రెండు మ్యాచ్‌లు గెలిచిన పిల్లల తల్లిదండ్రులకు ఆ అర్థం కూడా చెల్లుతుంది. ప్రకృతార్థం మాత్రం బ్యాటు తూనిక గురించినది. ఒకే బరువున్న రెండు బ్యాట్లు తీసుకోండి. ఒక్కొక్కదాన్ని చూపుడు వేలి మీద అడ్డంగా పడుకోబెట్టి, ఎటూ ఒరగకుండా నిలిచే చోటు వెతకండి. ఆ చోటు పిడికి దగ్గరగా ఉన్నదాన్ని పిల్ల సునాయాసంగా తిప్పుతుంది. తల వైపుకు జరిగినది, తూకంలో అదే అంకె చూపినా, చేతిలో బరువెక్కుతుంది. బరువును పైకి నెట్టి, తలపై నుంచి బాదే స్మాష్‌కు ఊతమిచ్చేవి ఎక్కువగా వజ్రాకారపు బ్యాట్లే గనక, రెండో పాదంలోని గుండ్ర మోముకూ మూడో పాదంలోని ఈ మాటకూ ఇక్కడ అన్వయం కుదిరింది.

ఇంకో సూక్ష్మం. బ్యాటు గోడకు గీసుకుపోతుందని తల చుట్టూ ప్రొటెక్టర్ పట్టీ అంటిస్తారు. బ్యాటు పదిలమే, కాని ఆ కొన్ని గ్రాములూ వెళ్లి కూర్చునేది సరిగ్గా కవి వద్దన్న చోటే. బ్యాటు మీద అచ్చువేసే బరువు కూడా ఇంతనుంచి ఇంతవరకు అని ఉంటుంది తప్ప ఒకే అంకె కాదు. వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి చూసుకుంటే అనుమానం ఉండదు.

"తాడు చేతికిఁ గట్టు": ఇది విధి, విచారణ లేదు. ఆట నియమాల్లోనే మణికట్టు తాడు తప్పనిసరి. ఆ పది మీటర్ల వెడల్పు పెట్టెలో నలుగురు ఆడుతారు. చెమట చేతిలోంచి జారిన బ్యాటు ఎవరికి తగులుతుందో చెప్పలేం.

"పేరుకన్న ముందు": "పైసకన్న ముందు" అని కొన్ని ప్రతుల్లో ఉంది. గణాలు సరిపోతాయి గాని "పై"కీ "పి"కీ యతి చెల్లదు. కనుక అది ప్రక్షిప్తం, ధర చీటీలు రాసేవారెవరో చేర్చింది. కవి పైసను పట్టించుకోలేదని కాదు. పేరు వదులుకుంటే పైస దానంతట అదే మిగులుతుందని అతని నమ్మకం.

పేర్లంటే చిన్న పేర్లు కావు. అర్జెంటీనా ఆటగాడు ఫెర్నాందో బెలాస్తెగీన్ పదహారేళ్లు ప్రపంచ నంబర్ వన్‌గా ఉండి 2024లో ఆట విరమించాడు. అగుస్తీన్ తాపియా, ఆర్తురో కోయెయో 2023లో జోడీ కట్టి ఆ ఏడాదే వరసగా 47 మ్యాచ్‌లు గెలిచారు. కంపెనీలు ఇలాంటివారి పేర్లతో బ్యాట్లు చేసి అమ్ముతాయి, వాటిలో పై తరగతివి 20,000 రూపాయలు దాటుతాయి. ఆ బ్యాట్లలో లోపం లేదు. కాని కోయెయో ఎత్తు ఆరడుగుల పైమాటే. ఆ భుజానికి కుదిరిన బ్యాటు నాలుగడుగుల పిల్లకు ఎలా కుదురుతుంది?

పూర్వపక్షం: "అదే పేరుతో జూనియర్ బ్యాటు కూడా ఉంది కదా?" ఉంది. రంగులు అవే, అక్షరాలు అవే, లోపలిది వేరు. తేలికగా, మెత్తగా, పొట్టిగా చేసినదైతే నిరభ్యంతరంగా కొనవచ్చు. బొమ్మ చూసి కాక, పిడి పక్కనున్న చిన్న అక్షరాలు చూసి కొనాలి.

"పిల్లఁ జూడు": దీన్ని పెళ్లిచూపులకు అన్వయించిన ఒక వ్యాఖ్య ప్రచారంలో ఉంది. ప్రకరణం తెలియనివారి మాట అది. అయితే చూపుల పద్ధతి ఇక్కడా పనికొస్తుంది, ఇరువైపులా సమ్మతం కావాలి. బ్యాటును పిల్ల చేతికివ్వండి. పిడిని పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య ఒక వేలు పట్టే సందుంటే పిడి సరిపోయినట్టే. వేళ్లు చుట్టుకోలేకపోతే పిడి లావు, దాన్ని సన్నబరచడం కష్టం. వేళ్లు వచ్చి అరచేతిని గుచ్చుకుంటే పిడి సన్నం, దాని మీద ఓవర్‌గ్రిప్ అనే పట్టీ ఒకటి చుడితే సరిపోతుంది. తర్వాత చెయ్యి ముందుకు చాచి నిలబడమనండి. నెమ్మదిగా ఇరవై అంకెలు లెక్కపెట్టండి. కొన దిగిపోతుంటే ఆ బ్యాటు తిరిగి గోడకే చెందుతుంది.

కోర్టుల్లో బ్యాట్లు అద్దెకిస్తారు. రెండు మూడు రకాలు ఒక్కో గంట ఆడించి చూశాక కొంటే దుకాణదారు మాట వినవలసిన అగత్యం ఉండదు.

పిల్ల మాత్రం వీటన్నిటినీ వదిలేసి "నాకు ఊదారంగుది కావాలి" అంటుంది. ఇక్కడ సిద్ధాంతం ఇది: తగని బ్యాట్లలో రంగు చూడకూడదు. తగిన బ్యాట్లు రెండు మిగిలినప్పుడు రంగే తేల్చాలి, తేల్చవలసింది పిల్లే.

కవి చెప్పనివి

చిల్లుల గురించి కవి మౌనం వహించాడు. అవి గాలిని పోనిచ్చి బ్యాటును చురుగ్గా కదలనిస్తాయి, తూకం తగ్గిస్తాయి. అన్ని బ్యాట్లకూ ఉన్నవే గనక చెప్పలేదు. కొలతల విషయంలో నియమాలు 45.5 సెంటీమీటర్ల పొడుగు, 26 సెంటీమీటర్ల వెడల్పు, 38 మిల్లీమీటర్ల మందం దాటనివ్వవు. పెద్దల బ్యాట్లు ఆ మందందాకా వెళ్తాయి, పిల్లలవి కాస్త పలుచన. ఎవరో వాడిన బ్యాటు కొనవచ్చునా అంటే, కొనవచ్చు. తల చుట్టూ అంచును వెలుగులో తిప్పి సన్నని పగుళ్లు చూసుకోవాలి. ముఖాన్ని వేలితో అక్కడక్కడా తట్టాలి. ఒకచోట డొల్లగా పలికితే పెట్టెయ్యాలి.

అలంకారం

బ్యాటుకు మోము, గుండె, తల కల్పించి మనిషిని చేశాడు కవి. ఒక చెయ్యి మాత్రం ఇవ్వలేదు. దాన్ని పిల్ల ఇవ్వాలి గనక.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి బ్యాటు కొన్న ఇంట పిల్ల మోచేతికి కట్టు పడదు, తండ్రి పర్సుకు చిల్లు పడదు. పిల్ల ఛాంపియన్ అవుతుందని మాత్రం కవి ఎక్కడా మాట ఇవ్వలేదు, మేమూ ఇవ్వం. తొమ్మిదేళ్ల చేతికి 310 గ్రాముల చుట్టుపక్కల, గుండ్రని, మెత్తని, పిడి వైపు బరువున్న బ్యాటు చాలు. ఏడాదో, ఏడాదిన్నరో గడిచి చెయ్యి ఎదిగాక ఇంకోటి కొనండి, పాతదాన్ని అపార్ట్‌మెంట్‌లో మరో చిన్నపిల్లకు ఇవ్వండి. దుకాణానికి వెళ్లేటప్పుడు మాత్రం పిల్లను ఇంట్లో వదిలి వెళ్లకండి.